వెనక్కి తిరిగిన రెండున్నర సెకన్లు

రోహిణి కార్తె, మొదటి దినం

రెండో భాగం వచ్చింది. ఎవరు అడిగారని?

బేతంచెర్ల గవివాళ్ళు పాత సామాన్లు తవ్వుతుంటే దొరికిందట, ఉప్పు బండితో పాటు పంపారు. డబ్బా మీద ఐదుగురు బొమ్మల అమ్మాయిలు, చేతుల్లో రిబ్బన్లు. జపాను దేశపు అనిమే బొమ్మల సినిమా ‘ఐదు రిబ్బన్లు’కు తరువాయి. సంగతి తెలిసిన పది నిమిషాల్లో గవి అంతా పిల్లల కేకలు. ఒకతైతే వంటచాలలో తపేలా పట్టుకుని వాయించింది.

నా పేరు మద్దిలేటమ్మ. ఎండలకు తాళలేక మేం నేల కింద దాగిన ఈ గుహలో, ఈ గవిలో బడి నాది, సినిమాలకు తెలుగు మాటలు పెట్టే పని నాది, ఈ పరిశీలన పుస్తకం రాసే పనీ నాదే. పిల్లలకు ఏ సినిమా వేయాలన్నా ముందు ముగ్గురు పెద్దవాళ్ళు మూడుసార్లు చూడాలి. చూసి, ఇందులో రాసి, చివర ‘చూపవచ్చు’ అనో ‘చూపరాదు’ అనో పెట్టాలి. పిల్లలు చూసిందల్లా చేస్తారు, అందుకని ఈ నియమం. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని, సినిమా పెట్టె నడిపే ఉసేనప్ప ఒకడు, వంటచాల చూసుకునే ఓబులమ్మ ఒకతె. మృగశిర మొదటి దినానికి తేల్చాలి. ఆ రోజు పైకి పోవడానికి తూర్పు తలుపు కూడా తెరుస్తున్నారు కాబట్టి సినిమా వేసి పండగ చేయాలని పెద్దల ముచ్చట.

మొదటి భాగం నాకు కంఠతా వచ్చు. పద్నాలుగేళ్ళ కింద దానికి మాటలు పెట్టింది నేనే. ఇప్పటికీ ప్రతి పున్నమికీ వేస్తారు. మా ఆడపిల్లలు పైపని నేర్చుకునేది దాన్ని చూసే.

రోహిణి, రెండో దినం

తెల్లారకముందే ముక్కాలిపీట చంకన పెట్టుకుని నూట ముప్పై మెట్లూ ఎక్కి, పడమటి తలుపు దగ్గర కూర్చున్నాను. ఈ కార్తెలో సూర్యుడు రాకముందే బయటి గాలి మొహం కాలుస్తుంది. ఎండతో కరెంటు తీసే పలకల మీద దుమ్ము తుడవకపోతే కింద గాలి మరలు ఆగిపోతాయి. పలకల సందుల్లో పెద్దవాళ్ళం పట్టం. అందుకని పన్నెండు నుంచి పదహారేళ్ళ ఆడపిల్లలు చలువ చొక్కాలు తొడుక్కుని పోతారు. చొక్కా నిండా సన్నటి గొట్టాలు, వాటిలో చల్లటి నీళ్ళు, వీపు మీద నీళ్ళ తిత్తి. ఆ నీళ్ళు ఉన్నంతసేపే బయట మనిషి ఉండేది.

ఆ పొద్దు వంతు వచ్చిన ఐదుగురూ తలుపు ముందు వరసగా నిలబడి, సినిమాలో లాగే చేతులెత్తి, ఒక్కో మాటకు ఒక్కో చుట్టు తిరుగుతూ మంత్రం చెప్పారు.

“మెడ బొత్తం పెట్టినా! చేతి పట్టీ బిగించినా! నీళ్ళు పారుతాండాయి! తోడు పక్కనుంది! పోయి తిరిగొస్తా!”

ఈ మంత్రం జపాను వాళ్ళది కాదు. అక్కడ వాళ్ళు నక్షత్రాల గురించి ఏదో చెబుతారు. చొక్కాలతో పాటు వచ్చిన నియమాల కాగితాన్ని మంత్రంగా మార్చి ఆ బొమ్మల నోట్లో పెట్టింది నేను. చిన్నపిల్లలకు నియమాలు చెబితే చెవికెక్కవు, మంత్రమైతే నిద్రలో కూడా చెబుతారు. అప్పటి పెద్దలు మెచ్చుకుని నాకొక సీసా తేనె కూడా ఇచ్చారు.

మంత్రం అయ్యాక ఒక్కొక్కరే నా ముందుకొచ్చి వీపు తిప్పారు, నేను తట్టాను. పదకొండేళ్ళుగా ఒక్క పొద్దు తప్పలేదు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని ఎక్కాను. మద్దిలేటి పెద్దమ్మ వీపు తట్టి పంపితే మంచి జరుగుతుందని పిల్లల నమ్మకం. నమ్మనీ అని ఊరుకున్నాను.

సుంకులు అనే పదమూడేళ్ళ పిల్ల తిత్తి మూత వదులైంది. తడుతున్నట్టే తడుతూ బిగించేశాను.

“అబ్బా! ఏంది పెద్దమ్మా, ఈ పొద్దు అంత గట్టిగా కొడితివి?” అంది.

“నీ అల్లరికి అది కూడా సాలదు. పో, పో.”

దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. సగం మెట్లు కూర్చుని దేకుతూ దిగాను.

రోహిణి, నాలుగో దినం. మొదటి చూపు

పగలు గవి అంతా పడుకుంటుంది. ఆ వేళ మేం ముగ్గురం పెద్ద చావిడిలో పెట్టె ముందు కూర్చున్నాం. కింద ఇంగ్లీషులో పడే అక్షరాలు నేను చదివి ఇద్దరికీ తెలుగులో చెప్పాను.

ఉన్నమాట రాస్తాను. మొదటి అరగంట దండగ. పోయినసారి చీకటి పురుగును తరిమేశారు కదా, ఈసారి పురుగు తల్లి వచ్చింది. ఖర్మ కాలి మూడో భాగం కూడా దొరికితే పురుగు జేజి దిగుతుందేమో. అమ్మాయిలు పెద్ద చదువులకొచ్చారు, రిబ్బన్లు పెట్టెల్లో మూలుగుతున్నాయి, ఒకరితో ఒకరికి మాటల్లేవు. పాటలు మూడు, అందులో రెండు అక్కర్లేదు. కానీ బొమ్మ గీసినవాళ్ళ చెయ్యి గొప్పది. ఒకచోట వాన పడుతుంది. ఉసేనప్ప నోరు తెరుచుకుని, “అక్కా, ఆ వానను ఇంగోసారి ఎయ్యనా?” అని మూడుసార్లు వేశాడు.

అమ్మాయిలకు తెలుగు పేర్లు నేనే పెట్టాను: బంతి, తంగేడు, కలువ, మల్లి, గన్నేరు. ఈ భాగంలో గన్నేరు లేదు. పురుగు లోకంలోకి పోయి తిరిగి రాలేదట. మిగతా నలుగురూ తప్పు నీదంటే నీదని కొట్టుకుంటున్నారు.

ఓబులమ్మ తల ఎత్తలేదు. చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. అయిపోయాక, “సూపొద్దని రాయక్కా,” అంది.

“ఇంకా రెండుసార్లు సూడాల గదమ్మే.”

“ఎన్నిసార్లు సూసినా అంతే. ఈ రిబ్బన్ల పిచ్చిలో నా బిడ్డొకతి పాయ గదా. ఇంగ సాలు.”

ఆమె బిడ్డ చౌడేశ్వరి. మొదటి భాగంలో గన్నేరుకు గొంతు ఇచ్చింది ఆ పిల్లే, పదేళ్ళప్పుడు. పదమూడో ఏట, ఇదే కార్తెలో, తలుపుకు మూడు వందల అడుగుల దూరంలో పడిపోయింది. తిత్తి మూత ఊడి నీళ్ళన్నీ దుమ్ములో ఇంకిపోయాయి. తోడు పోయిన పిల్లను పెద్దలు అడిగితే, “మంత్రమంతా సెప్పిందయ్యా, నవ్వుకుంటా సెప్పింది,” అని ఏడ్చింది. విచారణ చేసి కాగితం రాశారు. ‘తిత్తి మూత చూసుకొనుట మరచినది. మృతురాలి అజాగ్రత్త.’ ఆ రాత నాది. ఓబులమ్మకు చదువు రాదు. ఆమె బొటనవేలు పట్టుకుని ఆ కాగితం మీద ముద్ర వేయించిందీ నేనే. సినిమాలను పరిశీలించే ఈ నియమం కూడా ఆ తర్వాతే వచ్చింది.

రోహిణి, ఆరో దినం

మృగశిర నుంచి పొద్దుకు ఐదుగురు కాదు, ఎనిమిది మంది పిల్లలు పైకి పోతారు, వాళ్ళలో సగం మంది తూర్పు తలుపున. ఆ తలుపు ఇక్కడికి అర కోసు. రెండు చోట్లా నేను కూర్చోలేను. మోకాలు చూస్తే ఒకచోటైనా ఎన్నాళ్ళు కూర్చుంటానో తెలియదు. పెద్దల దగ్గరికి పోయి తూర్పు తలుపు ఇప్పుడే వద్దన్నాను.

“నీ వీపు తట్టుడు కోసరం తలుపు మూసుకుని కూసోమంటావా మద్దక్కా?” అని నవ్వారు. నవ్వులో కోపం లేదు. “ఇంగ ఆ మెట్లు ఎక్కొద్దు. సేసిన కాడికి సాలు, కింద కూసోని బడి సూసుకో.”

అప్పుడే చెప్పేయాల్సింది. గొంతు దాకా వచ్చింది. మింగేసి దండం పెట్టి వచ్చాను. సిగ్గులేని మనిషిని.

రోహిణి, ఎనిమిదో దినం. రెండో చూపు

మొన్న పట్టించుకోనిది ఈ రోజు చూశాను. చూడకపోయినా బాగుండేది.

నలుగురూ కొట్లాట మాని మళ్ళీ రిబ్బన్లు తీస్తారు. మొదటి భాగంలో రిబ్బను కట్టుకోవడాన్ని ముందు నుంచి గీశారు. మొహాలు, కళ్ళు, మెరుపులు, అంతే కనపడతాయి. ఈసారి వెనక నుంచి గీశారు. ఒకతె వెనక్కి తిరుగుతుంది, ఇంకొకతె ఆమె వీపు మీద రిబ్బను ముడి వేస్తుంది. ఎవరి ముడి వాళ్ళు వేసుకోలేరు, ఒకసారి ముడి పడినవాళ్ళు ఇంకొకరికి వేయలేరు. మొదటి నుంచీ అంతేనట, మనకు చూపలేదు. బంతికి తంగేడు వేసింది, తంగేడుకు కలువ, కలువకు మల్లి. మల్లికి వేయాల్సిన గన్నేరు లేదు. మల్లి అట్లాగే మనకు వీపు తిప్పి నిలబడింది. బొమ్మ కదలదు, పాట లేదు. చాలాసేపు ఆ వీపే.

కింది అక్షరాలు చదవడం ఆపేశాను.

ఓబులమ్మ చేటలోంచి తల ఎత్తింది. “ఏమంటాండాది ఆ పిల్ల?”

“నాకు ముడి ఎవరేస్తారు అంటాంది.”

“ఎవురూ ఎయ్యరా?”

“గన్నేరు ఎయ్యాల. రాలేదు.”

ఆమె మళ్ళీ కొర్రల్లోకి వంగింది. నేను తర్వాతి పావుగంట ఏం చదివానో నాకే తెలియదు.

ఇక దాచి ఏం లాభం, ఇక్కడ రాస్తున్నాను. నియమాల కాగితంలో ఉన్నవి ఐదు కాదు, ఆరు. ఆరోది: పైన తలుపు దగ్గర తోడుపిల్ల వెనక్కి తిరగాలి, ఆమె తిత్తి మూత రెండో పిల్ల చూడాలి. కింద నీళ్ళు నింపినప్పుడు ఎంత బిగించినా మెట్లెక్కే రాపిడికి వదులవుతుంది. పెద్దల చొక్కాలకు మూత ముందుంటుంది, పిల్లల చొక్కాలకే వెనక. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదవగలిగింది నేనొక్కదాన్నే.

సినిమాలో మంత్రం దగ్గర నోరు ఐదుసార్లే తెరుచుకుంటుంది. ఆరో మాటకు పెదవులు లేవు. పెదవికి అతకని మాట వింటే నాకు ఒళ్ళంతా కంపరం. మాటలు పెట్టేవాళ్ళకు ఉండే జబ్బు అది. రెండు దినాలు కుస్తీ పట్టి, కుదరక, ఆరోది తీసేశాను. నీళ్ళు నింపేవాళ్ళు కిందే బిగిస్తారులే అనుకున్నాను. అందం కోసం తీశాను. ఇంకే కారణమూ లేదు.

పదకొండేళ్ళుగా నేను చేస్తున్నది వీపులు తట్టడం కాదు. ఆ ఆరో మాటను చేత్తో చెబుతున్నాను.

రోహిణి, తొమ్మిదో దినం

చౌడి పోయిన దినం. ప్రతి ఏడూ ఈ రోజు ఓబులమ్మ వంటచాల ముందు నిలబడి అందరికీ బెల్లం నీళ్ళు పోస్తుంది. పోస్తూ ఒక్కొక్కరితో ఒకటే మాట: “నా బిడ్డ మతిలేని పని సేసి ఒక సొక్కా పోగొట్టె. మనసులో పెట్టుకోవాకండి.” ఎవరూ పెట్టుకోలేదు. అయినా అడుగుతుంది. పదిసార్లు ఆమె చేతి నీళ్ళు తాగాను, ఆ మాట విని తలూపాను.

ఈసారి లోటా నోటి దాకా ఎత్తి దించేశాను.

“తాగక్కా,” అంది.

“తాగుతాలే.”

లోటా పట్టుకుని చావిడికి పోయాను. ఉసేనప్పను అడిగి పెట్టెలో మొదటి భాగం వేయించుకున్నాను. వాడు పడుకోవడానికి పోయాడు. మంత్రం చోటికి తెచ్చి ఆపి ఆపి చూశాను. ఐదో మాట అయిపోగానే గన్నేరు వెనక్కి తిరుగుతుంది. జుట్టు ఎగురుతుంది, మొహం కనపడదు. లెక్కపెట్టాను. రెండున్నర సెకన్లు.

మొహం తిప్పిన చోట ఏ మాటైనా పెట్టవచ్చు. పెదవులే కనపడనప్పుడు అతకడమేమిటి? ఈ పనిలో నేర్చుకునే మొదటి పాఠం అదే. “వెనక్కి తిరుగు, మూత చూస్తా” అని మెల్లగా చెప్పి చూసుకున్నాను. అతికినట్టు సరిపోయింది. ఆనాడు రెండు దినాలు నోళ్ళ వైపే చూశాను కానీ, పక్కనే ఉన్న వీపును చూడలేదు.

ఆ రెండున్నర సెకన్లలో ఇప్పుడున్నది చౌడి నవ్వు. ఆ పిల్ల నన్ను అడిగింది కూడా. “ఈడ నేనేం సెప్పాల పెద్దమ్మా? ఊరికే ఉండాలనా?” అని. “ఏం వద్దులే, నవ్వెయ్,” అన్నాను. ముందుపన్ను ఊడిన నోటితో పకపకా నవ్వింది. ఎన్నిసార్లు వేసుకుని విన్నానో. లోటాలో బెల్లం నీళ్ళకు చీమలు పట్టాయి.

రోహిణి, పదకొండో దినం. మూడో చూపు

ముగింపు గురించి రాయాలి. చివర గన్నేరు వస్తుంది. మిగతావాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, ఆమె మాత్రం పోయిన నాటి పిల్లలాగే ఉంటుంది. ఒక్కమాట మాట్లాడకుండా మల్లి వీపు మీద ముడి వేస్తుంది. మల్లి తిరిగి చూసేసరికి ఉండదు. గన్నేరు ముడి వేయడానికి ఎవరూ మిగలలేదని ఎవరికీ తట్టదు. పురుగు తల్లి చావడం, మెరుపులు, జెండాలు, అవన్నీ మామూలే. నేను గన్నేరు వీపే చూస్తూ ఉండిపోయాను.

దీపం వేసి చూస్తే ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. “అది మల్లా వచ్చింది సూడక్కా,” అంది. “మతిలేనిదైనా మల్లా వచ్చింది.”

ఇక ఆగలేకపోయాను.

“చౌడి ఏమీ మరవలేదమ్మే.”

“ఏంది?”

చెప్పాను. కాగితం గురించి, పెదవుల గురించి, తీసేసిన మాట గురించి, దానికి చోటున్నా నేను చూడకపోవడం గురించి, వీపు తట్టడం గురించి. పెట్టె తీగ చుడుతున్న ఉసేనప్ప చేతులు ఆగిపోయాయి.

ఓబులమ్మ అడిగింది. “ఐదు మాటలూ సెప్పిందా నా బిడ్డ?”

“సెప్పింది.”

“ఆరోది దానికి తెలుసునా?”

“తెలీదు. నేను సెప్పలే.”

“అంటే అది ఏమీ మరవలే.”

“ఒక్కటి కూడా మరవలే. నేను నేర్పినవన్నీ సేసింది.”

“పదకొండేండ్లు బెల్లం నీళ్ళు పోస్తి గదక్కా,” అంది. గొంతు పెంచలేదు. “పిల్లకాయల కాడ కూడా సేతులు జోడించి అడుక్కుంటి. నువ్వు తాగితివి. నా ముందర నిలబడుకోని తాగితివి.”

చేట విసిరికొట్టి వెళ్ళిపోయింది. ఉసేనప్ప కూడా నా మొహం చూడకుండా లేచిపోయాడు. చావిడంతా పడిన కొర్రలు నేనొక్కదాన్నే ఏరాను. తర్వాత పెద్దల దగ్గరికి పోయి అదే మళ్ళీ చెప్పాను. ఈసారి మింగలేదు.

రోహిణి, పదమూడో దినం

నా ముక్కాలిపీట తీసేసుకున్నారు. పడమటి తలుపు దగ్గరికి పోవద్దన్నారు. బడి సంగతి తర్వాత చూస్తారట. నిన్నటి నుంచి ఒక పెద్దామె మెట్లెక్కి పిల్లల మూతలు చూస్తోంది. సుంకులు మాత్రం బడికొచ్చి, “నువ్వు తట్టేది దీనికా పెద్దమ్మా? మాతో అనుంటే మేమే సూసుకోమా?” అంది.

మధ్యాహ్నం ఓబులమ్మ వచ్చింది. కూర్చోలేదు. “పుస్తకం తియ్యి. నా మాట రాయాల గదా, రాయి,” అంది. ఆమె చెబుతుంటే నేను రాసింది ఇది:

‘నా బిడ్డ చౌడేశ్వరి ఏమీ మరవలేదు. దానికి చెప్పినవన్నీ చేసింది. చెప్పనిది ఎట్ల చేస్తుంది? నేను అందరికీ చెప్పిన తప్పు మాటను వెనక్కి తీసుకుంటున్నాను. సినిమా బాగుంది. ఆ పిల్ల తిరిగొచ్చి ముడి వేసేది మా పిల్లలు చూడాల. ఓబులమ్మ చెప్పగా మద్దిలేటమ్మ రాసినది.’

బొటనవేలు నేను పట్టుకోబోతే చెయ్యి లాక్కుంది. తానే సిరాలో ముంచి వేసింది.

“ఆరో మాటకు చోటుందంటివి గదా. సూపీ,” అంది.

ఉసేనప్పను పిలుచుకుని ముగ్గురం చావిడికి పోయాం. ఆమె ఆ నవ్వు విని పదకొండేళ్ళయింది. పున్నమికి సినిమా వేసినప్పుడల్లా వంటచాలలోనే ఉండిపోయేది. రెండున్నర సెకన్లు అయిపోగానే, “ఇంగోసారి,” అంది. ఉసేనప్ప వేశాడు. “ఇంగోసారి.”

ఉసేనప్ప నేల చూస్తూ చెప్పాడు. “ఓబులక్కా, ఈ పెట్టెలో మాట మీద మాట పెడితే కిందిది చెరిగిపోతాది. యాడికన్నా తీసి దాచిపెట్టే తెలివి నాకు లేదు. మొదటి సినిమాను అట్లే ఉండనిద్దాం. మంత్రం నోటితో నేర్పుకుందాం పిల్లలకు.”

నేను కూడా అదే మంచిదన్నాను. ఆ నవ్వు తీసే చెయ్యి నాది కాకూడదని నా ఆశ.

“నోటితో నేర్పితే ఎన్ని దినాలు గుర్తుంటాది?” అంది ఓబులమ్మ. “వాళ్ళు పని నేర్చేది దీన్ని సూసే గదా. మృగశిరకు ఎనిమిది మంది పోతారు పైకి. తీసెయ్.”

“మాట ఎవరు చెప్పాల?” అని అడిగాను.

“నేనే.”

ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడానికి భుజం మీద తడతానన్నాను. “నన్ను ముట్టుకోవాక,” అంది. దూరం నుంచి చెయ్యి ఊపాను. మొదటిసారి ఆలస్యంగా మొదలుపెట్టింది, మాట సగంలో తెగిపోయింది. నవ్వు మాత్రం ఆ మొదటిసారికే పోయింది. మూడోసారికి కుదిరింది. ఆమె ఇంకోసారి వినలేదు, పొయ్యి మీద ఎసరు మరిగిపోతోందని పోయింది.

మృగశిర కార్తె, మొదటి దినం

పొద్దున పడమటి మెట్ల కిందే నిలబడ్డాను. పై నుంచి పిల్లల గొంతులు దిగివచ్చాయి. ఐదు మాటలు, తర్వాత పెద్దలు నోటితో నేర్పించిన ఆరోది. అందరూ ఒకేసారి వెనక్కి తిరిగిన బూట్ల చప్పుడు కూడా వినపడింది. తూర్పు తలుపున నలుగురు, పడమట నలుగురు. పడమటి నలుగురూ దిగివచ్చి, తూర్పు నలుగురూ వచ్చారన్న కబురు అందేదాకా అక్కడే ఉన్నాను.

సాయంత్రం చావిడి కిక్కిరిసింది. ముందు మొదటి భాగం, ఆ తర్వాత కొత్తది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఓబులమ్మ వంటచాల వదిలి వచ్చింది. మూడు మూరల దూరంలో నిలబడింది, నా వైపు చూడలేదు. చూడమని నేనెట్లా అడుగుతాను?

తెర మీద మంత్రం వచ్చింది. పిల్లలంతా లేచి చేతులెత్తారు. ఐదో మాట అయ్యింది, గన్నేరు మొహం తిప్పుకుంది, ఓబులమ్మ గొంతు చావిడంతా పలికింది. “వెనక్కి తిరుగు బిడ్డా, మూత చూస్తా.” ‘బిడ్డా’ అనేది నేను చెప్పివ్వలేదు, ఆమే వేసుకుంది. అయినా సరిపోయింది.

పిల్లలంతా గిరుక్కున తెరకు వీపు తిప్పారు, ఒకరి మూత ఒకరు చూస్తున్నట్టు చేతులు పెట్టారు. ఆ రెండున్నర సెకన్లు తెరను చూస్తున్నది మేమిద్దరమే. ఓబులమ్మ తల పక్కకు వంచి, దూరంగా ఎవరో పిలిస్తే వింటున్నట్టు నిలబడింది. ఆమెకు ఏం వినపడిందో నేను అడగలేను. నాకు మాత్రం ఆ మాట కింద చెరిగిపోయిన నవ్వే వినపడింది.

‘ఐదు రిబ్బన్లు’, రెండో భాగం. చూపవచ్చు.